త్సూగ్‌ష్పిట్సె నడిచి ఎక్కాలంటే: దారి తర్వాత, ముందు రాత్రి బస చూసుకోండి

మ్యూనిక్‌లో ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్లు మొదటి వేసవిలోనే నన్ను అడిగే మాట ఒకటుంది. "జర్మనీలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం ఇక్కడికి రైల్లో గంటన్నరేనట కదా, ఈ శనివారం ఎక్కేద్దామా?" గంటన్నరే, నిజమే. త్సూగ్‌ష్పిట్సె ఎత్తు 2962 మీటర్లు. ఎక్కవచ్చు కూడా. కానీ నేను తిరిగి అడిగే ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు: "రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

ఆల్ప్స్‌లో ఏ దారిన వెళ్లాలన్నది మన సరదా తేల్చదు, దారిలో ఏ హట్‌లో చోటు దొరికిందన్నది తేలుస్తుంది. హట్ అంటే గుడిసె కాదు. కొండ మధ్యలో రాతితోనో చెక్కతోనో కట్టిన బస. వేడి భోజనం, పరుపు, ఆరబెట్టుకునే గది, రేపటి వాతావరణం చెప్పే నిర్వాహకుడు, అన్నీ ఉంటాయి. 1869లో మ్యూనిక్‌లో మొదలైన జర్మన్ ఆల్పైన్ క్లబ్‌కు, దాని స్థానిక శాఖలకు ఇలాంటివి వందలున్నాయి. త్సూగ్‌ష్పిట్సె దారుల్లో ఉన్నవి చాలావరకు వాళ్లవే.

మొదట ఒక లెక్క. కొండ కింద ఉన్న గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ పట్టణం సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి శిఖరానికి నిలువున 2200 మీటర్ల పైమాటే ఎక్కాలి. "అలిపిరి మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను" అని ధీమాగా చెప్పేవాళ్లకు ఇదే చెబుతాను: అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు సుమారు ఏడు వందల మీటర్లు. దాన్ని మూడుసార్లు వరుసగా, మెట్లు లేకుండా, వీపున సంచితో, చివరిసారి జారే రాళ్ల మీద ఎక్కితే ఇది అవుతుంది. ఒక్క రోజులో చేసేవాళ్లున్నారు. మొదటిసారి వెళ్లే మీరు వాళ్లలో ఒకరు కానక్కరలేదు.

ఈ శిఖరానికి ఇంకో చిక్కుంది. పైన కేబుల్ కారు స్టేషన్ ఉంది, భోజనశాలలున్నాయి. అందుకని "అలసిపోతే కేబుల్ కారులో దిగిపోదాం" అనే ధైర్యం చాలామందికి వస్తుంది. కేబుల్ కారు ఉన్నది పైన. మీరు అలసిపోయేది కింద, దానికి ఇంకా మూడు గంటల దూరంలో.

మొదటిసారికి రైన్‌టాల్ దారి

ఈ శిఖరం మొదట ఎక్కినట్టు నమోదైన యోజెఫ్ నౌస్ బృందం 1820 ఆగస్టు 27న పైకి చేరింది రైన్‌టాల్ లోయ వైపు నుంచే. ఇప్పటికీ కొత్తవాళ్లకు నేను చెప్పే దారి ఇదే. చాలా పొడవు, ఇరవై కిలోమీటర్ల పైన. సులువని రాసిన చోటల్లా "సాంకేతికంగా" అనే మాట మీరే చేర్చుకోండి. చేతులతో పట్టుకుని ఎక్కే పని చివర్లో కాసేపే, కాళ్లకు మాత్రం విరామం ఉండదు.

1936 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన స్కీ స్టేడియం దగ్గర మొదలవుతుంది. కాసేపటికే పార్ట్‌నఖ్ నది కోసిన ఇరుకు లోయ వస్తుంది. సుమారు 700 మీటర్ల పొడవున, రాతిని తొలిచిన కాలిబాట మీద, పక్కనే నీళ్లు హోరెత్తుతుండగా నడవాలి. ప్రవేశ రుసుముంటుంది. పై నుంచి నీళ్లు కారుతాయి, కాబట్టి వర్షపు కోటు సంచి అడుగున పెట్టకండి. వేసవిలో పొద్దెక్కాక పర్యాటకులతో కిక్కిరిసిపోతుంది, ఎనిమిదిన్నరలోపు దాటేస్తే హాయి. వానలకు, రాళ్లు పడడానికి అప్పుడప్పుడు మూసేస్తారు. ముందురోజే చూసుకోండి, చుట్టుదారి ఉంది కానీ గంట అదనం.

ఆ తర్వాత నది వెంటే అడవి దారి. 1052 మీటర్ల దగ్గర బోక్ హట్ అనే చిన్న విడిది వస్తుంది. అక్కడ మజ్జిగ దొరికితే తాగండి, మన మజ్జిగకు దగ్గరగానే ఉంటుంది, ఉప్పు మాత్రం మీరే వేసుకోవాలి. దాని పైన లోయలో ఒకప్పుడు నీలంగా ఒక మడుగు ఉండేది. 2005 ఆగస్టు వరదలో కట్టలాంటి రాళ్లు తెగి ఖాళీ అయిపోయింది. పాత ఫొటోలు చూసి దాని కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, దొరకదు.

బయలుదేరిన నాలుగున్నర, అయిదు గంటలకు రైన్‌టాల్‌ఆంగర్ హట్. ఎత్తు సుమారు 1370 మీటర్లు. నది పక్కన పచ్చిక, రంగురంగుల టిబెట్ ప్రార్థనా పతాకాలు, చుట్టూ నిలువెత్తు బండలు. పదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబాలకు నా సలహా: శిఖరం సంగతి మరిచిపోండి. ఇక్కడ ఒక రాత్రి ఉండి, పార్ట్‌నఖ్ నది రాళ్లలోంచి ఉబికే చోటు దాకా పొద్దున్నే నడిచి, వచ్చిన దారినే తిరిగి వెళ్లండి. శిఖరం మీద ఐస్‌క్రీమ్ వరుసలో నిలబడడం కంటే ఇది ఎన్నో రెట్లు మంచి ప్రయాణం.

శిఖరానికి వెళ్లేవాళ్లు ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇంకో రెండు గంటలు, నిలువుగా సుమారు 700 మీటర్లు ఎక్కితే క్నోర్ హట్ వస్తుంది. 2050 మీటర్ల ఎత్తున ఉన్న ఈ హట్ 1855లో మొదలైంది, ఈ కొండల వరుసలో అన్నిటికంటే పాతది. కాళ్లలో సత్తువ ఉంటే మొదటి రాత్రి క్నోర్‌లోనే ఉండండి. కింద పడుకుంటే రెండో రోజు 1600 మీటర్లు ఎక్కాలి, క్నోర్‌లో పడుకుంటే 900 చాలు. ఆ తేడా మధ్యాహ్నపు ఉరుములకు ముందే శిఖరం దాటడానికి, దాటలేకపోవడానికి మధ్య తేడా. సత్తువ లేకపోతే రెండు రాత్రులు పెట్టుకుని, చెరో హట్‌లో ఒకటి ఉండండి. ఎవరూ నవ్వరు.

క్నోర్ దాటాక చెట్టూ ఉండదు, నీరూ ఉండదు. పైనంతా సున్నపురాయి మైదానం. వాన పడినా, మంచు కరిగినా నీరంతా రాళ్ల సందుల్లోకి ఇంకిపోయి ఎక్కడో కింద ఊటగా తేలుతుంది. రెండు లీటర్లు క్నోర్‌లోనే నింపుకోండి. కుళాయి మీద "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసి ఉంటే అది తాగే నీరు కాదు, లోపల అడగండి. ఈ మైదానం మీద పొగమంచు కమ్మితే దిక్కు తెలియదు. బండల మీద వేసిన రంగు గుర్తు ఒకటి కనబడే దాకా పాతదాన్ని విడిచి కదలకూడదు. జూలై మొదట్లో కూడా మంచు మిగిలి గుర్తులను కప్పేస్తుంది.

గంటన్నర, రెండు గంటలకు సొన్‌ఆల్పిన్ అనే రైలు స్టేషన్, భోజనశాల వస్తాయి, 2580 మీటర్ల చుట్టుపక్కల. ఇక్కడ ఆగి నిజాయితీగా ఆలోచించాలి. ఇంకా మిగిలినది సుమారు 400 మీటర్లే, కానీ మొత్తం దారిలో కష్టమైన ముక్క ఇదే. మొదట జారే గులకల వాలు, రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి. తర్వాత ఉక్కు తాళ్లు పట్టుకుని ఎక్కే రాతి అంచు. మోకాళ్లు వణుకుతున్నా, మబ్బు కమ్ముతున్నా ఇక్కడి నుంచి చిన్న కేబుల్ కారు మిమ్మల్ని శిఖరానికి చేరుస్తుంది, పళ్లచక్రాల రైలు కిందికి దించుతుంది. ఎక్కి కూర్చోండి. నేను తీసుకెళ్లిన బృందాల్లో ఇక్కడ రైలెక్కినవాళ్లున్నారు, వాళ్లే తర్వాతి ఏడు మళ్లీ వచ్చి నడిచి ఎక్కారు.

మిగతా దారులు, క్లుప్తంగా

ఆస్ట్రియా వైపు ఎర్‌వాల్డ్ నుంచి గాటర్ల్ దారి ఉంది. ఎర్‌వాల్డర్ ఆల్మ్ దాకా లిఫ్టులో వెళ్తే 1500 మీటర్ల నుంచే నడక మొదలవుతుంది. నాలుగు గంటల్లో సరిహద్దు గేటు దాటి క్నోర్ హట్‌కు చేరి రైన్‌టాల్ దారిలో కలుస్తుంది. పొడవు నడక పడనివాళ్లకు మంచిది. ఒక్క మాట: సరిహద్దు దాటుతున్నారు, పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు వెంట ఉండాలి. శిఖరం కూడా సరిహద్దు మీదే ఉంది కాబట్టి ఏ దారిన వెళ్లినా ఇది పాటించండి.

అదే ఎర్‌వాల్డ్ వైపు నుంచి వీనర్ నోయ్‌ష్టాట్ హట్ మీదుగా నిటారుగా ఎక్కే ఇంకో దారి ఉంది. ఉక్కు తాళ్లు, ఇనుప మేకులు, రాళ్లు పడే ప్రమాదం. అనుభవం ఉన్నవాళ్లకే.

ఇక హ్యోలెన్‌టాల్. ఫొటోల్లో చూసి అందరూ అడిగేది దీన్నే. హామర్స్‌బాఖ్ నుంచి ఇరుకు లోయ గుండా రెండు, రెండున్నర గంటల్లో హ్యోలెన్‌టాల్‌ఆంగర్ హట్‌కు, 1387 మీటర్లకు చేరతారు. 2015లో కొత్తగా కట్టారు. అక్కడి దాకా ఎవరైనా వెళ్లవచ్చు, వెళ్లి భోజనం చేసి తిరిగి రావడం చక్కని రోజు. దాని పైన కథ వేరు. నిలువు బండకు దిగ్గొట్టిన ఇనుప నిచ్చెన మెట్లు, తర్వాత నున్నటి బండ మీద అడుగుపెట్టడానికి ఒక్కో ఇనుప కడ్డీ, కింద శూన్యం. ఆపైన చిన్న హిమానీనదం. దాన్ని దాటడానికి బూట్లకు తగిలించే ఇనుప పళ్లు, అంటే క్రాంపాన్లు కావాలి. వేసవి ముదిరే కొద్దీ మంచు బండకు దూరంగా కరిగి నోరు తెరుస్తుంది. ఆ అగాధం దాటి గోడ మీది తాడు అందుకోవడమే ఈ దారిలో అసలు పరీక్ష. ఆ తర్వాత ఇంకో రెండు మూడు గంటలు తాడు వెంటే. హెల్మెట్, నడుము పట్టీ, తాడుకు తగిలించుకునే జంట కొక్కేల సెట్, క్రాంపాన్లు, ఇవి నాలుగూ లేకుండా హట్ దాటకండి. క్లబ్ మ్యూనిక్ శాఖ సభ్యులకు వీటిని అద్దెకిస్తుంది. వాడటం నేర్పే తరగతులూ ఉన్నాయి. మొదటిసారి గైడుతో వెళ్లండి.

శిఖరం నుంచి పక్కనున్న ఆల్ప్‌ష్పిట్సె శిఖరం వైపు సాగే యుబిలేయుమ్స్ అంచు గురించి కూడా అడుగుతుంటారు. మధ్యలో ఎర్రటి రేకుల ఆపత్కాల ఆశ్రయం ఒకటి ఉందనీ, అక్కడ పడుకోవచ్చనీ ప్రణాళికలు వేసుకుంటారు. అది ఆపదలో ఉన్నవారికి. చాలాచోట్ల తాడు కూడా లేని కిలోమీటర్ల పొడవు కత్తి అంచు అది. ఈ మార్గదర్శిని చదువుతున్నవారికి అది కాదు.

హట్‌లో ఎలా ఉండాలి

ఈ హట్‌లు రమారమి మే చివర, జూన్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా తెరిచి ఉంటాయి. ఆన్‌లైన్లో రిజర్వు చేసుకోవాలి. జూలై, ఆగస్టు శనివారాలు వసంతంలోనే నిండిపోతాయి. మంగళ, బుధవారాలకు సెలవు పెట్టగలిగితే వారం ముందు కూడా దొరుకుతుంది. వెళ్లలేకపోతే తప్పకుండా రద్దు చేయండి, దారిలో ఆలస్యమైతే ఫోను చేయండి. మీరు రాకపోతే నిర్వాహకుడు మీకేమైందోనని ఆందోళన పడతాడు, వెతికించే దాకా వెళ్లవచ్చు. ఆల్పైన్ క్లబ్‌లో ఏడాది సభ్యత్వం తీసుకుంటే పడక ధర తగ్గుతుంది, కొండల్లో రక్షణ ఖర్చుల బీమా కూడా అందులోనే ఉంటుంది. రెండు మూడు రాత్రులు ఉండబోతుంటే ఆలోచించాల్సిన పని లేదు.

చౌకగా దొరికేది వరుస పరుపుల గది. పక్కపక్కనే పదిమంది, మధ్యలో అడ్డు లేదు. చెవుల్లో పెట్టుకునే దూది గుళికలు మరవకండి. గురక ఏ భాషవాళ్లదైనా ఒకటే. సొంత పల్చటి దుప్పటి సంచి తప్పనిసరి. దుప్పట్లు వాళ్లిస్తారు, కానీ వాటిని రోజూ ఉతకలేరు కాబట్టి మీ సంచిలో దూరి వాటిని పైన కప్పుకోవాలి. బూట్లు బయటి గదిలోనే విడవాలి. ఇది మనకు ఎవరూ నేర్పక్కరలేదు. రాత్రి పదింటికి దీపాలారతాయి. రేపటి సంచి అంతకుముందే సర్దుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి ప్లాస్టిక్ కవర్లు చరచర లాడిస్తే పదిమంది శాపనార్థాలు పెడతారు. ఫోను చార్జింగ్ ప్లగ్గులు కొన్నే, పవర్ బ్యాంక్ తీసుకెళ్లండి. నగదు ఉంచుకోండి. చెత్త మీతోనే కిందికి రావాలి.

లోపలికి వెళ్లగానే హట్ పుస్తకంలో పేరు, రేపు ఏ దారిన ఎక్కడికి వెళ్తున్నారో రాయండి. ఏదైనా జరిగితే రక్షకులు వెతకడం అక్కడి నుంచే మొదలుపెడతారు.

తిండి గురించి. మాంసం తినేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. శాకాహారులకు కొంచెం జాగ్రత్త కావాలి. పప్పు చారు అనుకుని తెప్పించుకున్న గిన్నెలో పంది మాంసం ముక్కలు తేలవచ్చు. "ఓనె ష్పెక్, ఓనె ఫ్లైష్" (పంది మాంసం వద్దు, ఏ మాంసమూ వద్దు) అని ముందే అడగండి. చీజ్ వేసి చేసే కేజె ష్పెట్స్లె అనే నూడుల్స్, పాలకూర ఉండలు బాగుంటాయి. ముక్కలుగా చించిన మందపాటి అట్టు, పైన పంచదార పొడి, పక్కన ఆపిల్ గుజ్జు పెట్టే కైజర్‌ష్మార్న్ ఒకటి ఇద్దరికి సరిపోతుంది. వీటన్నిటిలో గుడ్డు ఉంటుందని గుర్తుంచుకోండి. గుడ్డు కూడా తినని మా అత్తయ్యను ఒకసారి తీసుకెళ్లినప్పుడు రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, వెన్న తెప్పించి, ఆవిడ సంచిలోంచి కంది పొడి సీసా తీశాం. వడ్డించే అమ్మాయి వాసన చూసి తనకూ కొంచెం పెట్టమంది. సభ్యులకు వేడి నీళ్లు తక్కువ ధరకు ఇచ్చే ఆనవాయితీ ఉంది, అటుకుల ఉప్మా పొడి వెంట ఉంటే అది చాలు. అయితే కిక్కిరిసిన భోజనాల గదిలో సొంత డబ్బాలు విప్పే ముందు ఒక మాట అడగడం మర్యాద.

శిఖరం మీదే ఉన్న మ్యూన్‌ష్నర్ హౌస్ 1897 నాటిది. పక్కనే 1900 నుంచి వాతావరణ కేంద్రం ఉంది. పడకలు తక్కువ, స్నానం ఉండదు, దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తున కొందరికి తలనొప్పితో నిద్ర పట్టదు. అయినా ఒక రాత్రి ఉండదగ్గ చోటు. చివరి కేబుల్ కారు వెళ్లిపోగానే వేలమంది ఉన్న చోట పాతికమంది మిగులుతారు. బంగారు పూత పూసిన శిలువ ఉన్నది తూర్పు కొమ్ము మీద, చిన్న తాడు దారిలో దాటాలి. పడమటి కొమ్మును 1938లో సైన్యం విమాన నియంత్రణ గది కోసం పేల్చేసింది, గది మాత్రం కట్టనే లేదు.

ఆకాశం సంగతి

కొండ మీద ఎత్తు కంటే వాతావరణానికే ఎక్కువ జాగ్రత్త పడాలి. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. స్టేడియం దగ్గర 22 డిగ్రీలుంటే శిఖరం దగ్గర ఎనిమిది, దానికి గాలి అదనం. 2008 జూలైలో ఈ కొండ మీదికే పరుగు పోటీ పెట్టినప్పుడు హఠాత్తుగా మంచు పడింది. పల్చటి బట్టలతో ఉన్న ఇద్దరు చలికి చనిపోయారు. ఇద్దరూ దారుఢ్యం ఉన్న క్రీడాకారులే. ఆగస్టులో వెళ్లినా టోపీ, చేతి తొడుగులు, ఒక వెచ్చటి పొర సంచిలో ఉండాలి.

వేసవి మధ్యాహ్నాలు ఉరుములు సహజం. ఉక్కు తాడు పట్టుకుని అంచు మీద ఉన్నప్పుడు పిడుగు పడే సూచన ఉంటే ఆ చోటు వెంటనే వదలాలి. అందుకే క్నోర్ నుంచి ఆరింటికల్లా కదిలి, పదకొండుకు పైన ఉండాలంటాను. ఇరుకు లోయల్లోనూ వాన ప్రమాదమే. 2021 ఆగస్టులో హ్యోలెన్‌టాల్ ఇరుకులోకి ఒక్కసారిగా వరద వచ్చి వంతెనను, మనుషులను కొట్టుకుపోయింది. ఉరుముల హెచ్చరిక ఉన్న రోజు లోయ దారి మానేయండి. ముందురోజు సాయంత్రం ఆల్పైన్ క్లబ్ కొండ వాతావరణ సూచన చదవండి, పొద్దున హట్ నిర్వాహకుణ్ణి అడగండి. ఆయన వద్దంటే వద్దు.

ఆపదలో 112. లోయలో చాలాచోట్ల ఫోను పలకదు. అప్పుడు ఈలతోనో టార్చితోనో నిమిషంలో ఆరుసార్లు, పది సెకన్లకొకటి చొప్పున సంకేతమివ్వాలి, నిమిషం ఆగి మళ్లీ అదే. నిమిషానికి మూడుసార్లు బదులొస్తే మిమ్మల్ని గుర్తించారన్నమాట. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలని, ఒకటి పైకి ఒకటి కిందికి చాపితే వద్దని అర్థం. ఉత్సాహంతో చేతులూపి పలకరించకండి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నడిపించకుండా పైకి తీసుకెళ్లాలంటే ఐబ్జె సరస్సు దగ్గర 2017 డిసెంబరులో మొదలైన కేబుల్ కారు పది నిమిషాల్లో 1945 మీటర్లు ఎక్కిస్తుంది. అంత త్వరగా అంత ఎత్తు చేరితే గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. డాక్టరును అడిగాకే టికెట్ కొనండి, పైన మెట్లు నెమ్మదిగా ఎక్కించండి.

దిగడానికి నేను ఎవరికీ నడక చెప్పను. 2200 మీటర్లు దిగితే మోకాళ్లు వారం రోజులు కక్ష సాధిస్తాయి. శిఖరం మీద ఒకవైపు టికెట్ దొరుకుతుంది. కేబుల్ కారులో ఐబ్జెకు దిగి అక్కడి నుంచి రైలు గానీ బస్సు గానీ పట్టుకుంటే గార్మిష్ స్టేషన్. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ మ్యూనిక్-గార్మిష్ ప్రాంతీయ రైలుకు చెల్లుతుంది, కేబుల్ కారుకు చెల్లదు. కేబుల్ కారు మాత్రం సాయంత్రం త్వరగానే ఆగిపోతుంది. ఆ రోజు చివరి సమయం ఎంతో క్నోర్ హట్‌లో బయలుదేరే ముందే రాసుకోండి. పొరపాటున ఆస్ట్రియా వైపు కేబుల్ కారు ఎక్కితే ఎర్‌వాల్డ్‌లో తేలతారు, అక్కడి నుంచి గార్మిష్‌కు రైళ్లు తక్కువ.